ఎండకు సోలార్ వోల్టేజ్ తగ్గితే ప్యానెళ్లు పాడైనట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో మీ డాబా మీద 540 వాట్ల మోనో పెర్క్ ప్యానెళ్లు ఆరు ఉన్నాయి. ఆరూ ఒకే స్ట్రింగ్‌గా, అంటే ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో కలిపి, 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌కు వెళ్తున్నాయి. జనవరిలో పొద్దున పూట డిస్‌ప్లేలో డీసీ వోల్టేజ్ 240 పైన కనిపించేది. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం 205–210 మధ్యే ఉంటోంది. బిగించినాయన "ఎండకు వోల్టేజ్ పడిపోతోంది, ఇంకో ప్లేటు కలిపితే సరిపోతుంది" అన్నాడు. ప్యానెళ్లు పాడయ్యాయా, ఏడోది కలపాలా, ఎండ మరీ ముదిరినప్పుడు సిస్టమ్ ఆపేయడం మంచిదా అన్నది మీ టెన్షన్.

ప్యానెళ్లు బాగానే ఉన్నాయి. మీరు రాసిన అంకెలు మన ఎండలకు రావలసిన అంకెలే. వోల్టేజ్ కోసం ఏడో ప్యానెల్ అక్కర్లేదు, ఆపేయడమూ అక్కర్లేదు. ఇన్వర్టర్‌కు దీనివల్ల ప్రమాదం కూడా లేదు. చూడకుండానే ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, లెక్క వేస్తే సరిగ్గా అక్కడికే వస్తోంది. అది మీరూ వేసుకోవచ్చు, హైస్కూల్ లెక్కే.

ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి. అందులో రెండు వోల్టేజ్‌లు ఉంటాయి. ఒకటి వీఓసీ, అంటే దేనికీ కలపకుండా వదిలేసినప్పుడు కనిపించేది. 540 వాట్ల ప్యానెల్‌కు ఇది 49.5 వోల్ట్ల దగ్గర ఉంటుంది. రెండోది వీఎంపీ, పూర్తి పవర్ ఇస్తూ పనిచేస్తున్నప్పుడు ఉండేది, సుమారు 41.6. ఆరు ప్యానెళ్లకు వీఓసీ 297, వీఎంపీ 250. ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడు డిస్‌ప్లేలో మీరు చూసేది ఈ రెండోదాన్నే. కంపెనీని బట్టి అంకెలు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి మీ స్టిక్కర్‌లో ఉన్నవే తీసుకోండి.

ఈ అంకెలు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు ల్యాబ్‌లో కొలిచినవి. ఆ 25 గాలి వేడి కాదు, అద్దం కింద ఉండే సెల్ వేడి. చాలామంది ఇక్కడే పొరబడతారు. పూర్తి ఎండలో సెల్ 25 దగ్గర ఉండడం మన వరంగల్‌లో సంక్రాంతి రోజుల్లో కూడా జరగదు. ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, ప్యానెల్ పరిస్థితి అదే.

సెల్ ఎంత వేడెక్కుతుందో అంచనా వేయడానికి డేటాషీట్‌లో ఎన్‌ఓసీటీ అని ఒక అంకె ఇస్తారు. మామూలుగా 45 డిగ్రీలు ఉంటుంది. గాలి 20 డిగ్రీలు, చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ, కొద్దిగా గాలి వీస్తున్నప్పుడు సెల్ 45కు చేరుతుందని దాని అర్థం. అంటే 800 వాట్ల ఎండకు సెల్ గాలికన్నా 25 డిగ్రీలు పైన ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వెయ్యి వాట్ల ఎండకు ఆ తేడా 31 అవుతుంది. ఇప్పుడు మీ దగ్గర గాలి 43 అనుకుంటే సెల్ 74. ల్యాబ్ అంకెకన్నా 49 డిగ్రీలు ఎక్కువ.

మోనో పెర్క్ ప్యానెల్‌లో ఒక్కో డిగ్రీకి వీఓసీ 0.27% చొప్పున, పవర్ 0.35% చొప్పున తగ్గుతాయి. వీఎంపీకి విడిగా అంకె ఇవ్వడం తక్కువ. పవర్‌కు ఉన్న 0.35నే వాడితే పెద్ద తేడా రాదు, నేను అలాగే చేస్తాను. 49 డిగ్రీలకు 17% పోయింది. 250లో 17% తీసేస్తే 207. మీ డిస్‌ప్లేలో ఉన్నది 205–210.

జనవరి లెక్క కూడా చూద్దాం. పొద్దున గాలి 20 డిగ్రీలు, ఎండ ఇంకా సగం కూడా లేదు, సెల్ 33 దగ్గర ఉంటుంది. తగ్గేది 3% లోపే. 250 నుంచి 243. అదీ సరిపోయింది. మీరు పోలుస్తున్నది మంచి ప్యానెల్‌ను పాడైన ప్యానెల్‌తో కాదు, చలికాలం పొద్దును ఎండాకాలం మధ్యాహ్నంతో.

ఎండ ఎక్కువైతే వోల్టేజ్ కూడా పెరగాలి కదా అని చాలామంది అడుగుతారు. ఎండ పెరిగితే పెరిగేది ఆంపియర్లు. వోల్టేజ్‌ను ఎక్కువగా శాసించేది వేడి. సిలికాన్ వేడెక్కేకొద్దీ దాని లోపల తనంతట తానే విడిపడే ఎలక్ట్రాన్లు విపరీతంగా పెరుగుతాయి. దాంతో జంక్షన్ దగ్గర వెనక్కి కారిపోయే కరెంటు పెరిగి, సెల్ నిలబెట్టగలిగే వోల్టేజ్ పడిపోతుంది. ఒక్కో సెల్‌కు డిగ్రీకి 2 మిల్లీవోల్ట్ల దగ్గర పోతుంది. మీ ప్యానెల్‌లో సగానికి కోసిన సెల్స్ 144 ఉన్నా, సిరీస్‌లో లెక్కకు వచ్చేవి 72. కాబట్టి ప్యానెల్‌కు డిగ్రీకి 0.14 వోల్ట్లు. పైన చెప్పిన 0.27% కూడా ఇంచుమించు ఇదే. ఆంపియర్లు వేడికి కొద్దిగా పెరుగుతాయి కానీ అది డిగ్రీకి 0.05% లోపే, పోయిన వోల్టేజ్‌ను పూడ్చదు.

నష్టం లేదని మాత్రం అనను. మీ 3.24 కిలోవాట్లలో ఆ సమయానికి 2.7 దగ్గరే వస్తుంది. కానీ అది ఎండ మండే కొద్ది గంటల సంగతి. పొద్దున, సాయంత్రం నష్టం చాలా తక్కువ, పైగా ఎండాకాలం పగలు పొడుగు. నెల మొత్తం యూనిట్లు చూస్తే వేడికన్నా జులై, ఆగస్టు ముసురే ఎక్కువ దెబ్బ కొడుతుంది.

ఇక ఇన్వర్టర్ సంగతి. 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ ఎంపీపీటీ రేంజ్, అంటే ప్యానెళ్ల నుంచి పూర్తి పవర్ లాగగలిగే వోల్టేజ్ పరిధి, చాలావరకు 80–100 వోల్ట్ల దగ్గర మొదలై 500 దాటేదాకా ఉంటుంది. 207 ఆ రేంజ్‌లో హాయిగా పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు గాలి 46కు పోయినా ఇంకో 3 వోల్ట్లే తగ్గుతాయి. అంతే.

మరి ఏడోది కలిపితే నష్టమా? వోల్టేజ్ పరంగా ప్రమాదమేమీ లేదు, చలికి కూడా స్ట్రింగ్ 365 దాటదు. కానీ అది రిపేరు కాదు, కొనుగోలు. అదే మోడల్ దొరక్కపోతే ఆంపియర్లు తక్కువ ఉన్న ప్యానెల్ ఒక్కటి సిరీస్‌లో చేరినా మిగతా ఆరింటినీ వెనక్కి లాగుతుంది. నెట్ మీటర్ మంజూరైన సామర్థ్యం ఎంతో చూసుకోవాలి, పెంచాలంటే కరెంటు కంపెనీ టీజీఎన్‌పీడీసీఎల్‌లో అడిగి చేయాలి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఎంత పెట్టినా మీ జేబులోదే. యూనిట్లు చాలక కలుపుకుంటానంటే కలుపుకోండి. వోల్టేజ్ తగ్గిందని మాత్రం కలపొద్దు.

మధ్యాహ్నం ఆపేయడం గురించి కూడా అడిగారు. ఆపితే ప్యానెల్ ఇంకా వేడెక్కుతుంది. నడుస్తున్నప్పుడు పడిన ఎండలో ఐదో వంతు దాకా కరెంటుగా బయటికి పోతుంది. ఆపేస్తే ఆ వంతు కూడా వేడిగా లోపలే ఉండిపోతుంది. నడవనివ్వండి.

ఇన్వర్టర్‌ను కాల్చేది ఎండ కాదు, చలి

ఎండాకాలంలో అందరూ వోల్టేజ్ గురించి అడుగుతారు, డిసెంబర్‌లో ఒక్కరూ అడగరు. అసలు అడగాల్సింది అప్పుడు. వేడికి వోల్టేజ్ తగ్గినట్టే చలికి పెరుగుతుంది. తగ్గితే నాలుగు యూనిట్లు పోతాయి. ఇన్వర్టర్ హద్దు దాటి పెరిగితే లోపలి కెపాసిటర్లు, స్విచ్చింగ్ భాగాలు పోతాయి. హద్దు దాటినట్టు ఇన్వర్టర్ మెమరీలో పడితే వారంటీ అడగడానికి కూడా ముఖం ఉండదు.

ఉదాహరణకు 550 వోల్ట్ల హద్దు ఉన్న సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్‌కు ఇవే ప్యానెళ్లు 11 కలిపారనుకుందాం. 11 సార్లు 49.5 అంటే 544. హద్దులోనే ఉంది కదా అని బిగించేస్తారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరికి పోతుంది. 25 నుంచి 5కు 20 డిగ్రీలు తగ్గితే వోల్టేజ్ 5.4% పెరిగి 574 అవుతుంది. అసలు ఎండే లేని వేళ అంత వోల్టేజ్ ఎక్కడిదంటారా? వీఓసీకి గట్టి ఎండ అక్కర్లేదు. కాస్త వెలుగు తగిలితే చాలు, వోల్టేజ్ దాదాపు పూర్తిగా లేచి కూర్చుంటుంది. ఇన్వర్టర్ ఇంకా లోడ్ తీసుకోదు కాబట్టి ఉన్నదంతా దాని టెర్మినళ్ల మీదే ఉంటుంది. పైగా మబ్బు లేని రాత్రి ప్యానెల్ గాలికన్నా ఒకట్రెండు డిగ్రీలు ఎక్కువే చల్లబడుతుంది.

పెద్దపల్లి వైపు ఒక రైస్ మిల్లులో ఇదే జరిగింది. 20 కిలోవాట్ల త్రీ ఫేజ్ ఇన్వర్టర్, హద్దు 1000 వోల్ట్లు. 20 ప్యానెళ్ల స్ట్రింగులు రెండు. 20 సార్లు 49.5 అంటే 990, కాబట్టి సరిపోయిందని వేశారు. ఎండాకాలమంతా బ్రహ్మాండంగా నడిచింది. డిసెంబర్ వచ్చేసరికి పొద్దున ఓవర్ వోల్టేజ్ ఫాల్ట్ చూపించి, ప్యానెళ్లు కాస్త వేడెక్కాకే స్టార్ట్ అయ్యేది. గాలి 10 డిగ్రీలున్నా ఆ స్ట్రింగ్ 1030కి పోతుంది. ఓనరు ఇన్వర్టరే బాగాలేదని మార్చమంటున్నాడు. కొత్తది తెచ్చినా అదే కథ. ఒక ఎంపీపీటీ ఇన్‌పుట్‌కు 13 చొప్పున రెండు స్ట్రింగులు, రెండోదానికి 14ది ఒకటి వేసి మళ్లీ కలిపాం. రెండు స్ట్రింగుల ఆంపియర్లు మోయగలిగిన ఇన్‌పుట్ ఉన్న ఇన్వర్టర్ కాబట్టి అది కుదిరింది, అన్నిట్లో కుదరదు. మండుటెండలో కూడా 13ది స్ట్రింగ్ 450 దగ్గర నిలబడింది. అక్కడ ఖర్చయింది కాస్త కేబుల్, ఒక రోజు కూలీ.

స్ట్రింగ్‌లో ఎన్ని ప్యానెళ్లు పెట్టాలో తేల్చేవి రెండు రోజులు: ఏడాదిలో అతి చల్లటి పొద్దు, అతి వేడి మధ్యాహ్నం. పై హద్దు వీఓసీతో చలికి చూడాలి, కింది హద్దు వీఎంపీతో వేడికి చూడాలి. 25 డిగ్రీల అంకెను పట్టుకుని ప్యానెళ్ల సంఖ్యతో గుణించి వదిలేస్తే అది సగం లెక్కే. మన వైపు నేను చలికి 5, సెల్ వేడికి 75 తీసుకుంటాను. రేకుల మీద ఆనించి బిగిస్తే 80.

కింది హద్దు ఇబ్బంది పెట్టేది ఎక్కువగా త్రీ ఫేజ్ ఇన్వర్టర్లలో. కరీంనగర్‌లో ఒక ఇంటికి డాబా రెండు దిక్కులకు చీలి ఉందని ఐదు ప్యానెళ్ల స్ట్రింగులు రెండు వేశారు. ఐదింటికి వీఎంపీ 208, వేడికి 172. ఆ ఇన్వర్టర్ ఎంపీపీటీ 160 దగ్గర మొదలవుతుంది. అప్పటికి నడుస్తుంది కానీ, మెట్ల గది నీడ ఒకటి రెండు ప్యానెళ్ల మీద పడగానే 160 కిందికి జారిపోయేది. నీడ ఒక్కటే ఉంటే తట్టుకునేది, వేడి ఒక్కటే ఉన్నా తట్టుకునేది.

అసలు దెబ్బ తగిలేది బోర్ల దగ్గర

ఇళ్ల మీద వేడి నష్టం బిల్లులోనే కనిపిస్తుంది. పొలంలో అయితే నీళ్లే ఆగిపోతాయి. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఈ జవాబు చదివేవాళ్లలో రైతులూ ఉంటారు.

జగిత్యాల దగ్గర ఒక రైతు ఫోన్ చేసి, "సారూ, సంక్రాంతికి మంచిగనే పోసింది, ఉగాది దాటినంక మోటారు గుంజుతలేదు" అన్నాడు. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు. మామూలు 415 వోల్ట్లదే, దానికి సోలార్ డ్రైవ్ (ప్యానెళ్ల డీసీని మోటారుకు ఏసీగా మార్చేది) పెట్టుకున్నాడు. పాత 330 వాట్ల ప్యానెళ్లు గాలివానకు పగిలిపోతే, ఎవరో 540వి తొమ్మిది ఇప్పించారు. "మొత్తం 4,860 వాట్లు, 5 హెచ్‌పీకి సరిగ్గా సరిపోతుంది" అని చెప్పారట. వాట్లు సరిపోయాయి, వోల్ట్లు సరిపోలేదు.

415 వోల్ట్ల మోటారును పూర్తి వేగంతో తిప్పాలంటే డ్రైవ్‌కు డీసీ వైపు 580 వోల్ట్ల పైన కావాలి. ఏసీ వోల్టేజ్‌ను 1.414తో గుణిస్తే వచ్చేది అది. తొమ్మిది ప్యానెళ్ల వీఎంపీ 374, ఎండకు 310. లోడ్ లేకుండా చూసినా వీఓసీ 386 దాటదు. అంటే మోటారుకు అందేది 220 నుంచి 270 వోల్ట్ల ఏసీ మాత్రమే. డ్రైవ్ వోల్టేజ్‌తోపాటు ఫ్రీక్వెన్సీ కూడా తగ్గించుకుంటుంది కాబట్టి 50 హెర్ట్జ్‌కు బదులు 30 చుట్టూ తిరుగుతుంది. పంపు వేగం తగ్గితే నీళ్లు అదే వంతులో తగ్గుతాయి, నీటిని ఎత్తే శక్తి మాత్రం వేగం వర్గం లెక్కన పడిపోతుంది. 35 హెర్ట్జ్ వచ్చినా వేగం 70%, ఎత్తే శక్తి 49%. రెండు వందల అడుగులు ఎత్తే పంపు వంద అడుగులే ఎత్తుతుంది.

సంక్రాంతికి ఎలా పోసిందంటే, అప్పుడు బోరులో నీళ్లు పైనే ఉన్నాయి, చలికి వోల్టేజ్ కాస్త ఎక్కువగా ఉంది. ఏప్రిల్‌కు నీటిమట్టం కిందికి దిగింది, అదే సమయానికి వోల్టేజ్ కూడా దిగింది. డ్రైవ్ మీద అండర్ వోల్టేజ్ అని పడి ఆగిపోయేది. ఆయన బోరు ఎండిపోయిందనుకుని ఇంకో బోరు వేయించే ఆలోచనలో ఉన్నాడు! ప్యానెళ్ల సంఖ్య సరిచేసి, సిరీస్‌లో 14 అయ్యాక మోటారు మళ్లీ ఎత్తుకుంది. 14కు వీఎంపీ 582, ఎండకు 483, చలికి వీఓసీ 730. ఆ డ్రైవ్ 800 దాకా తట్టుకుంటుంది కాబట్టి చలికి ఇబ్బంది లేదు, మండుటెండకు మాత్రం పూర్తి వేగం కన్నా కాస్త తక్కువే తిరుగుతుంది. ఖర్చు మాత్రం తక్కువేమీ కాలేదు. అదే డబ్బుకు తక్కువ వాట్లున్న చిన్న ప్యానెళ్లు ఎక్కువ సంఖ్యలో దొరికితే ఇంకా మేలయ్యేది. కుసుమ్ లాంటి పథకాల్లో ఇచ్చే సెట్లలో మోటారు, కంట్రోలర్, ప్యానెళ్లు ఒకదానికొకటి సరిపోయేలా ఇస్తారు. వాటిలో ఏ ఒక్కదాన్ని మార్చినా మిగతా రెండింటితో లెక్క చూసుకుని మార్చండి.

బ్యాటరీ ఇన్వర్టర్లు ఉన్నవాళ్లకు ఒక్క మాట. 24 వోల్ట్ల బ్యాటరీ సెట్‌కు 60 సెల్స్ ప్యానెల్‌ను పాతకాలపు పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో (ప్యానెల్‌ను దాదాపు నేరుగా బ్యాటరీకే కలిపే రకం) కలిపితే ఎండాకాలంలో ఛార్జింగ్ సరిగా ఎక్కదు. 31 వోల్ట్ల వీఎంపీ వేడికి 25–26కు వస్తుంది, బ్యాటరీ నిండాలంటే 28 పైన కావాలి. 72 సెల్స్ ప్యానెల్ అయితే ఈ సమస్య రాదు.

వేడి వల్ల తగ్గిందా, నిజంగా ఫాల్ట్ ఉందా?

మీ విషయంలో లెక్క సరిపోయింది కానీ, వోల్టేజ్ తగ్గితే ప్రతిసారీ ఎండ మీదే తోసేయడమూ తప్పే. బిగించినవాళ్లు ఫోన్‌లోనే "ఎండ సార్, ఎండ" అని పెట్టేయడం నేను చాలా చూశాను. తేడా పట్టుకోవడానికి నేను చూసేవి ఇవి.

వేడి అన్ని ప్యానెళ్లనూ ఒకేలా తగ్గిస్తుంది, నెమ్మదిగా తగ్గిస్తుంది. ఫాల్ట్ ముక్కలు ముక్కలుగా తగ్గిస్తుంది. మీ ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, ఒక్కోటి మూడో వంతును కాపాడుతుంది. ఒక డయోడ్ షార్ట్ అయితే ఆ మూడో వంతు వోల్టేజ్ ఉన్నట్టుండి మాయమవుతుంది. మధ్యాహ్నం వేడిలో వీఓసీ కొలిస్తే లెక్కకన్నా సుమారు 14 తక్కువ, రెండు పోతే 28, ప్యానెల్ మొత్తం పోతే 43. తేడా 14 మెట్లలో ఉంటే డయోడ్‌ను అనుమానించండి. ఏప్రిల్, మే గాలివానల్లో దగ్గర్లో పిడుగు పడ్డాక ఇలాంటివి బయటపడుతుంటాయి. అదీ సరిగ్గా ఎండాకాలమే కాబట్టి నింద ఎండ మీదికి పోతుంది.

డిస్‌ప్లేలో వోల్టేజ్ ఒక్కటే కాదు, వాట్లు కూడా కలిపి చూడండి. మీ సిస్టమ్‌కు మే మధ్యాహ్నం 205–210 వోల్ట్లు, 2.5 కిలోవాట్లకు కాస్త అటూ ఇటూ ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. దుమ్ము పట్టి ఉంటే వాట్లు ఇంకొంచెం తగ్గుతాయి, వోల్టేజ్ మాత్రం పెద్దగా మారదు. వాట్లు తక్కువగా ఉండి వోల్టేజ్ పెరిగి 235–250 చూపిస్తే మాత్రం కథ వేరు. ప్యానెల్ ఇస్తానంటోంది, ఇన్వర్టరే తీసుకోవడం లేదు. ఇన్వర్టర్ తానే వేడెక్కి పవర్ తగ్గించుకుంటోందన్నమాట. చాలా ఇన్వర్టర్లు చుట్టూ గాలి 45 దాటితే ఈ పని మొదలుపెడతాయి. పడమటి పిట్టగోడకు ఎండలో బిగించిన ఇన్వర్టర్ ఏప్రిల్ నుంచే మొదలుపెడుతుంది. దానికి రేకు నీడ వేసి, చుట్టూ గాలి ఆడనిస్తే చాలు. అదే వోల్టేజ్ ఒక్కసారిగా 258 దగ్గరికి పోయి వాట్లు సున్నా అయితే ఇన్వర్టర్ ఆగిపోయినట్టు. అప్పుడు ముందు గ్రిడ్ వోల్టేజ్ చూడండి. లైన్ చివర ఉన్న ఇళ్లలో మధ్యాహ్నం లోడ్ లేనప్పుడు ఏసీ వోల్టేజ్ 250 దాటి పైకి పోతే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఇది డీసీ సమస్యే కాదు, లైన్‌మన్‌కు చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ చూపించుకోవాల్సిన సమస్య.

నడుస్తున్నప్పుడు 190 కిందికి వస్తూ, ఆపి వీఓసీ కొలిస్తే మాత్రం సరిగ్గా ఉంటే, ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ ఫోర్ కనెక్టర్ వదులుగానో కాలిన టెర్మినలో ఉండొచ్చు. ఇది ఆలస్యం చేయకూడనిది, నిప్పు అంటుకునేది ఇలాంటి చోటే.

కొలిచేటప్పుడు ముందు ఏసీ వైపు ఎంసీబీ ఆపండి, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపండి, ఆ తర్వాతే ప్రోబ్‌లు పెట్టండి. నడుస్తున్న స్ట్రింగ్‌లో కనెక్టర్ ఎప్పుడూ లాగొద్దు. అప్పుడు లేచే డీసీ మంట (ఆర్క్) ఏసీ మంటలా తనంతట ఆగదు, 200 వోల్ట్లే కదా అనుకోవద్దు. మల్టీమీటర్ 1000 వోల్ట్ల డీసీది ఉండాలి. చేతకాకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే వేడిని ప్యానెల్ వెనక నుంచి చూడండి. ముందు అద్దం మీద చూస్తే ఆకాశం ప్రతిబింబం కలిసి తప్పు అంకె వస్తుంది. వెనక వచ్చిన అంకెకు రెండు మూడు డిగ్రీలు కలిపితే సెల్ వేడి.

వేడి తగ్గించే దారులు

గాలి. అంతకుమించి చవకైనది లేదు. డాబా మీద ఏడెనిమిది అడుగుల ఎత్తులో స్ట్రక్చర్ వేస్తే కింద గాలి ఆడి ప్యానెల్ చల్లగా ఉంటుంది, కింద మనకూ నీడ. రేకుల షెడ్డు మీద అయితే రేకుకూ ప్యానెల్‌కూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు అంగుళాల సందు ఉంచండి. రామగుండంలో ఎన్‌టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022లో పూర్తిగా నడవడం మొదలైంది. అలా నీటిపై పెట్టడంలో భూమి ఆదాతోపాటు కింద చల్లదనం కూడా ఒక లాభం. మన డాబా మీద చెరువు పెట్టలేం కానీ గాలి ఆడనివ్వగలం.

మధ్యాహ్నం నీళ్లు కొట్టి చల్లార్చొచ్చా అని తప్పక ఎవరో అడుగుతారు. వద్దు. 70 దాటిన అద్దం మీద చల్లటి నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. మన బోరు నీళ్లకు తెల్లటి పొర కట్టి, ఆ తర్వాత ఎండ తగ్గినా ఆ పొర పోదు. కడగడం పొద్దున ఎండ రాకముందు.

కొత్తగా కొనేవాళ్లు టాప్‌కాన్ అనే కొత్త రకం ప్యానెళ్లు వేడికి తట్టుకుంటాయట కదా అంటారు. నిజమే, డిగ్రీకి 0.35కు బదులు 0.30 దగ్గర పోతుంది. 49 డిగ్రీలకు లెక్కేస్తే 17% బదులు 15%. ధర దగ్గర దగ్గరగా ఉంటే అవే తీసుకోండి. ఆ ఒక్క కారణానికి చాలా ఎక్కువ పెట్టమంటే మాత్రం నేనైతే ఆ డబ్బు మంచి స్ట్రక్చర్‌కు, మంచి ఎర్తింగ్‌కు పెడతాను. పాత పాలీ ప్యానెళ్లు ఉన్నవాళ్లు 0.40తో లెక్క వేసుకోండి.

మీకు ఇంకా అనుమానం ఉంటే రేపు ఒంటిగంటకు డిస్‌ప్లేలో డీసీ వోల్ట్లు, ఆంపియర్లు, వాట్లు, గ్రిడ్ వోల్టేజ్ నాలుగూ ఒకేసారి ఫోటో తీసి పెట్టండి. దాంతోపాటు ప్యానెల్ స్టిక్కర్ ఫోటో, ఇన్వర్టర్ ఎక్కడ బిగించారో ఒక ఫోటో కూడా. ఆంపియర్లు 12–13 మధ్య ఉంటే నేను ఇంకేమీ అడగను. 9, 10 దగ్గరే ఉంటే దుమ్మో నీడో చూడాలి, అప్పుడు వచ్చిన అంకెలను బట్టి చెప్తాను.